ఇంటి ప్రింటర్‌కీ ఓ డోర్ నంబరు కావాలి

జూన్ దాటితే నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ప్రింటర్ల గురించే ఉంటాయి. గాలివానకి కరెంటు పోతుంది, వచ్చాక ప్రింటర్ మాట వినదు, పిల్లకి పొద్దున్నే ప్రాజెక్టు కాగితం కావాలి. అన్నీ ఒక్క రాత్రే వచ్చి పడతాయి. అందుకని ఈ సంచిక మొత్తం వైఫై ప్రింటర్ల ఉత్తరాలకే కేటాయించాను.

కొత్తగా చదివేవారి కోసం ఒక్క మాట. ద్వారకానగర్‌లో ఓ కంప్యూటర్ షాపులో ప్రింటర్ల రిపేరుతో మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్లుగా గాజువాక నుంచి భీమిలి దాకా ఇళ్లకి వెళ్లి ఇదే పని చేస్తున్నాను. వైఫై ప్రింటర్లు వచ్చిన తరవాత నా బ్యాగులోంచి స్క్రూడ్రైవర్ బయటికి తీసే అవసరం బాగా తగ్గిపోయింది. ఎందుకో కింది ఉత్తరాలు చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: అమ్మా, నేను స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాను. పెన్షన్ కాగితాలకీ, మనవడి వర్క్‌షీట్లకీ పనికొస్తుందని రెండు నెలల కిందట వైఫై ప్రింటర్ కొన్నాను. షాపు కుర్రాడు వచ్చి పెట్టిన రోజు బ్రహ్మాండంగా పనిచేసింది. ఇప్పుడు కరెంటు పోయి వస్తే చాలు, లాప్‌టాప్‌లో 'ఆఫ్‌లైన్' అని చూపిస్తుంది. తీసేసి మళ్లీ పెడితే పనిచేస్తుంది. అలా పెట్టీ పెట్టీ జాబితాలో ఇదే ప్రింటర్ నాలుగుసార్లు కనిపిస్తోంది. విచిత్రమేమిటంటే, మా ఆవిడ ఫోన్ నుంచి మాత్రం ఎప్పుడూ ప్రింట్ వస్తుంది. ప్రింటర్ పాడైందంటారా? మార్చేయమంటారా?
(కూర్మన్నపాలెం నుంచి ఓ పాఠకుడు)

జవాబు: మార్చకండి మాస్టారూ. ప్రింటర్ నిక్షేపంగా ఉంది. ఫోన్ నుంచి పనిచేస్తోందని మీరు రాసిన ఆ ఒక్క వాక్యంతోనే నాకు ధైర్యం వచ్చింది. మీ ప్రింటర్ అడ్రస్ మారిపోతోంది, లాప్‌టాప్ పాత అడ్రస్‌కే వెళ్లి తలుపు కొడుతోంది. జరుగుతున్నది అంతే.

మన విశాఖలో డోర్ నంబరు 47తో మొదలైతే ద్వారకానగర్ వైపని పోస్ట్‌మాన్‌కి ఇట్టే తెలిసిపోతుంది. తరవాతి అంకెలు బ్లాకునీ ఇంటినీ చెబుతాయి. మీ ఇంటి వైఫైలోనూ ప్రతి వస్తువుకీ అలాంటి నంబరు ఒకటుంటుంది. 192.168.1.7 అనుకోండి. మొదటి మూడు అంకెలూ మీ వీధి, చివరి 7 ఇల్లు. ఈ నంబర్లు పంచేది రౌటర్, అంటే మీ ఇంటి వైఫై పెట్టె. ఎవరికి ఏ నంబరు ఇచ్చానన్నది ఓ చిట్టాలో రాసుకుంటుంది. ఆ పంపకాన్ని డీహెచ్‌సీపీ అంటారు. ఇచ్చిన నంబరు శాశ్వతం కాదు, కొన్ని గంటలకో రోజుకో అద్దెకిచ్చినట్టు ఇస్తుంది.

ఇళ్లలో వాడే చాలా రౌటర్లు ఆ చిట్టాను తాత్కాలిక మెమరీలోనే ఉంచుకుంటాయి. కరెంటు పోతే చెరిగిపోతుంది. వచ్చాక ఫోన్లు, టీవీ, ప్రింటర్ అన్నీ మళ్లీ నంబరు అడుగుతాయి. మీ ప్రింటర్ లేచేలోపు దాని పాత 7ను ఏ టీవీయో పట్టుకుపోతే ప్రింటర్‌కి 9 దక్కుతుంది. లాప్‌టాప్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పరు. అది 7కే కాగితం పంపుతుంది, జవాబు రాదు, 'ఆఫ్‌లైన్' అంటుంది. మీ ఆవిడ గారి ఫోన్ పద్ధతి వేరు. అది నంబరు గుర్తుపెట్టుకోదు. ప్రింట్ నొక్కిన ప్రతిసారీ వీధిలో నిలబడి 'ఇక్కడ ప్రింటర్ ఎవరు?' అని కేకేస్తుంది. ప్రింటర్ 'నేనే' అంటూ ఆరోజు తనకున్న నంబరు చెబుతుంది. ఐఫోన్‌లో ఎయిర్‌ప్రింట్ 2010 నుంచీ ఇలాగే పనిచేస్తోంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ 8వ వెర్షన్ నుంచి ఇలాంటి ఏర్పాటు లోపలే ఉంటోంది.

కాబట్టి మీరు చేయాల్సింది ప్రింటర్‌కి ఓ పక్కా డోర్ నంబరు ఇవ్వడం. ముందు ప్రింటర్ చేత నెట్‌వర్క్ వివరాల పేజీ వేయించండి. తెర ఉన్న ప్రింటరైతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద ఉంటుంది. తెర లేనివాటికి వైఫై బటనో సమాచారం బటనో కొన్ని సెకన్లు నొక్కిపట్టాలి, ఏదన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, ప్రింటర్‌తో వచ్చిన పుస్తకంలో చూడండి. ఆ పేజీలో రెండు విషయాలు కావాలి. ఒకటి ఐపీ అడ్రస్, అంటే పైన చెప్పిన ఆ డోర్ నంబరే. రెండోది మ్యాక్ అడ్రస్, అంటే ఫ్యాక్టరీలోనే ప్రింటర్‌కి వేసిన పుట్టుమచ్చ లాంటిది, రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలుంటాయి.

ఇప్పుడు లాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి ఆ ఐపీ నంబరు కొట్టండి. ప్రింటర్ సొంత పేజీ, ఇంకు ఎంత ఉందో చూపించేది, తెరుచుకుంటే దారి బాగుందన్నమాట. ఈ పరీక్ష అందరూ నేర్చుకోవాలని నా కోరిక. ప్రింటర్ చెడిందా, దారి తప్పిందా అన్నది ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఒకవేళ ప్రింటర్ పేజీ మీద నంబరు 169.254తో మొదలైతే రౌటర్ నుంచి దానికి నంబరే అందలేదని అర్థం. అప్పుడు ముందు వైఫైకి సరిగ్గా కలపాలి, మిగతావన్నీ తరవాత.

తరవాత రౌటర్ పేజీ తెరవండి. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1. అసలు అడ్రస్, పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కరు మీద ఉంటాయి. అందులో డీహెచ్‌సీపీ దగ్గర 'అడ్రస్ రిజర్వేషన్' అనో, 'స్టాటిక్ డీహెచ్‌సీపీ' అనో, 'ఐపీ, మ్యాక్ బైండింగ్' అనో ఉంటుంది. పేరు కంపెనీకొకటి, పని ఒకటే. మీ ప్రింటర్ మ్యాక్ అడ్రస్ ఎదురుగా 192.168.1.50 అని రాసి సేవ్ చేయండి. మొదటి మూడు అంకెలు మీ వీధివే అయ్యుండాలి, చివరిది ఇంకెవరికీ ఇవ్వనిదై ఉండాలి. ప్రింటర్‌ని ఓసారి ఆపి వేయండి. ఇక ఎన్నిసార్లు కరెంటు పోయినా 50 దానిదే.

కొన్ని ఫైబర్ కనెక్షన్ల పెట్టెల్లో ఈ పేజీ ఇంటివాళ్లకి కనిపించకుండా తాళం వేసి ఉంచుతారు. అలాంటప్పుడు కనెక్షన్ ఇచ్చినవారికి ఫోన్ చేసి 'నా ప్రింటర్ మ్యాక్‌కి ఐపీ రిజర్వు చేయండి' అని ఈ మాటల్లోనే అడగండి. మొహమాటపడకండి, అది మీరు డబ్బు కడుతున్న సేవలో భాగం.

చివరిగా లాప్‌టాప్ పని. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో ఉన్న ఆ నాలుగింటినీ తీసేయండి. 'యాడ్ డివైస్' నొక్కి కాసేపు ఆగితే 'యాడ్ మాన్యువల్లీ' అని వస్తుంది. అందులో ఐపీ అడ్రస్‌తో కలిపే దారి ఎంచుకుని 192.168.1.50 ఇవ్వండి. అక్కడే పక్కన 'లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్' అని ఒక మీట ఉంటుంది. అది ఆపేయండి. లేకపోతే ఓసారి పీడీఎఫ్‌గా దాచుకుంటే చాలు, ఆ పీడీఎఫ్‌నే మీ ముఖ్యమైన ప్రింటర్‌గా అనుకుంటుంది.

ఇంత చేశాక కూడా ప్రింట్ వస్తూనే 'ఆఫ్‌లైన్' అని చూపిస్తే, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ దగ్గర 'కాన్ఫిగర్ పోర్ట్' తెరిచి 'ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్' అన్నదాని టిక్కు తీయండి. చాలా ఇళ్లలో ఆ ఒక్క టిక్కే అబద్ధం చెబుతుంటుంది.

ప్రశ్న: అక్కా, నేను ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. పాత వైఫై పెట్టె పాడైతే కనెక్షన్ వాళ్లు కొత్తది పెట్టారు. ఫోన్లన్నీ కలిశాయి గానీ ప్రింటర్‌లో వెతికితే పక్కవాళ్ల వైఫై పేర్లన్నీ వస్తున్నాయి, మాది మాత్రం రావడం లేదు. మా అబ్బాయి ముచ్చటపడి వైఫైకి తెలుగులో పేరు పెట్టాడు, దానివల్లనా? ప్రింటర్ నాలుగేళ్ల కిందటిది.
(సాగర్‌నగర్ నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: మూడు కారణాలుండొచ్చు అమ్మా, మొదటిది చాలా ఇళ్లలో చూశాను. వైఫై రెండు దారుల్లో వస్తుంది: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. ఐదుది వేగం, కానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4ది నెమ్మది, కానీ గోడలు దాటి దూరం వెళుతుంది. ఇళ్లలో వాడే చాలా ప్రింటర్లకి 2.4 ఒక్కటే తెలుసు. కొత్త రౌటర్లో 2.4 ఆపేసి ఉంటే మీ పేరు ప్రింటర్‌కి కనిపించే మార్గమే లేదు. రెండూ ఒకే పేరుతో కలిసి ఉంటే ఒక్కోసారి కనిపించి కూడా కలవదు. రౌటర్ పేజీలో 'స్మార్ట్ కనెక్ట్' లాంటి మీట ఉంటే ఆపి, 2.4కి ఓ పేరు, 5కి ఇంకో పేరు పెట్టండి. ప్రింటర్‌ని 2.4కి కలపండి. ఫోన్ 5లో ఉన్నా ఇబ్బంది లేదు. ఒకే రౌటర్ నీడలో ఉన్నంతవరకూ రెండూ ఒకే వీధి.

అక్కడే సెక్యూరిటీ, అంటే వైఫైకి వేసే తాళం ఏ రకమో, కూడా చూడండి. కొత్త పెట్టెల్లో డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే నాలుగేళ్ల కిందటి ప్రింటర్‌కి అది అర్థం కాకపోవచ్చు. 'డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 మిక్స్‌డ్' అని పెట్టండి.

ఇక పేరు సంగతి. తెలుగులో పేరు పెట్టాడని చదివి నాకు నిజంగా సంతోషమేసింది, వాణ్ణి కోప్పడకండి. కానీ వైఫై పేరుకి 32 బైట్లే చోటు. ఇంగ్లిష్ అక్షరం ఒక్క బైటులో ఇమిడిపోతుంది. మన అక్షరానికి మూడు కావాలి, దాని గుణింతం గుర్తుకి ఇంకో మూడు, వత్తుకి మళ్లీ అదనం. 'మా ఇల్లు' అన్న రెండు ముక్కలకే 22 బైట్లు అయిపోతాయి. ఫోన్లు దీన్ని చక్కగా చూపిస్తాయి. ప్రింటర్ల చిన్న తెరలు మాత్రం చాలావరకు చూపించలేవు, పిచ్చి గీతలు చూపిస్తాయి లేదా ఖాళీగా వదిలేస్తాయి. ప్రింటర్లు తయారుచేసేవారు కోట్లమంది చదివే లిపిని తెర మీద పెట్టడానికి ఇంకా తీరిక చేసుకోలేదన్నది నా బాధ. ప్రస్తుతానికి 5కి తెలుగు పేరు ఉంచుకోండి, ప్రింటర్ వాడే 2.4కి ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు పెట్టండి. అబ్బాయి ముచ్చటా తీరుతుంది, మీ పనీ అవుతుంది.

పాస్‌వర్డ్ కొట్టడం కష్టమైతే డబ్ల్యూపీఎస్ బటన్ ఉంది. ప్రింటర్ మీద దాన్ని నొక్కి రెండు నిమిషాల్లోపు రౌటర్ మీదా నొక్కాలి. మేడ మీదికీ కిందికీ పరుగెత్తాల్సి వస్తే రౌటర్ దగ్గర ఒకరిని నిలబెట్టుకోండి. కలిసిపోయాక రౌటర్లో డబ్ల్యూపీఎస్ ఆపేయండి, ముఖ్యంగా పిన్ నంబరుతో కలిపే పద్ధతిని. అందులో లోపం ఉందని 2011లోనే బయటపడింది.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట ఇంకోటుంది: పాత పెట్టె పాడైతే కొత్తది పెట్టారని. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఊళ్లో ఎంతమంది ఇళ్లలో రౌటర్లు మార్చాల్సి వచ్చిందో! నేను వెళ్లిన ఏ ఇంట్లోనూ పాత వైఫై పేరు, పాస్‌వర్డ్ సరిగ్గా గుర్తున్నవాళ్లు లేరు. ఫోన్లు, ప్రింటర్లు, కెమెరాలు అన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ కలపాల్సొచ్చింది. కొత్త రౌటర్‌కి పాత పేరే, పాత పాస్‌వర్డే, అక్షరం తేడా లేకుండా పెడితే అన్నీ వాటంతటవే వచ్చి కలుస్తాయి. రౌటర్ మారిందన్న సంగతే వాటికి తెలియదు. అప్పటినుంచీ వెళ్లిన ప్రతి ఇంట్లో ఆ రెండూ ఓ కాగితం మీద రాసి బీరువాలో పెట్టించి వస్తున్నాను. మీరు కూడా రాసిపెట్టండి.

సముద్రం పక్కన ఉంటున్నారు కాబట్టి ఇంకొక్కటి. కాగితాల కట్ట విప్పి ట్రేలో నెలల తరబడి వదిలేయకండి. మన గాలిలోని తేమకి కాగితం మెత్తబడి రెండేసి పేజీలు లాగుతుంది. రోజుకి సరిపడా పెట్టుకుని మిగతావి ప్లాస్టిక్ కవర్లో ఉంచండి.

ప్రశ్న: మేడమ్, మాది సీతమ్మధారలో డూప్లెక్స్. కింద హాల్లో ఫైబర్ పెట్టె, దాని పక్కనే ప్రింటర్. పైకి సిగ్నల్ రావడం లేదని పాత రౌటర్ ఒకటి కేబుల్‌తో పైన పెట్టించాం. ఇంటర్నెట్ బాగా వస్తోంది. కానీ పైన కూర్చుని ప్రింట్ ఇస్తే ప్రింటరే కనపడదు, ఫోన్ పట్టుకుని కిందికి దిగితేనే వస్తుంది. ఆఫీసు మీటింగులో ఉండి ప్రతిదానికీ దిగలేకపోతున్నాను. మా అత్తయ్యగారు 'ప్రింటర్‌కి మేడమెట్లెక్కడం చేతకాదేమోనమ్మా' అంటున్నారు.
(సీతమ్మధార నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: అత్తయ్యగారు సరిగ్గానే పట్టుకున్నారమ్మా. మీ ప్రింటర్ మేడమెట్ల దగ్గరే ఆగిపోతోంది. ఎందుకంటే మీకు తెలియకుండానే మీ ఇంట్లో రెండు వీధులు తయారయ్యాయి.

ఈ చిక్కు ముందు నా చేతిలోనే నలిగింది. ఎనిమిదేళ్ల కిందట లాసన్స్ బే కాలనీలో ఒకాయన ఇంటికి వెళ్లాను. ఆయనకి సాయంత్రం ఐదింటికల్లా టెండరు కాగితాలు కావాలి. నేను మధ్యాహ్నమంతా కూర్చుని డ్రైవర్, అంటే ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, తీసి పెట్టాను, మళ్లీ తీసి మళ్లీ పెట్టాను, ప్రింటర్‌ని ఫ్యాక్టరీ స్థితికి తెచ్చాను. నాలుగున్నరకి ఆయన ఇక లాభం లేదని పెన్‌డ్రైవ్ తీసుకుని బండి మీద జిరాక్స్ షాపుకి వెళ్లిపోయారు. ఆయన వెళ్లాక తీరిగ్గా చూస్తే లాప్‌టాప్ నంబరు 192.168.0తోనూ, ప్రింటర్ నంబరు 192.168.1తోనూ మొదలవుతున్నాయి. మూడో అంకె ఒక్కటే తేడా. ఆ ఒక్క అంకె ముందే చూసుంటే ఆయనకి ఆ పరుగు తప్పేది. ఆరోజు డబ్బు తీసుకోలేకపోయాను. అప్పటినుంచీ ఏ ఇంటికి వెళ్లినా ముందు ఆ రెండు నంబర్లూ పక్కపక్కన కాగితం మీద రాసుకుంటాను. డ్రైవర్ జోలికి తరవాతే.

మీరు పైన పెట్టిన పాత రౌటర్ కూడా పూర్తి స్థాయి రౌటరే. దాని ఇంటర్నెట్ పోర్టులో కేబుల్ పెట్టగానే అది తనొక వేరే వీధికి పెద్దననుకుని సొంతంగా నంబర్లు పంచడం మొదలుపెడుతుంది. పై వీధివాళ్లు కింది వీధిలోంచి బయటికి, అంటే ఇంటర్నెట్‌కి, వెళ్లగలరు. కానీ ఫోన్ వేసే 'ప్రింటర్ ఎవరు?' అన్న కేక తన వీధి దాటదు. అందుకే ఇంటర్నెట్ వస్తుంది, ప్రింటర్ కనపడదు. మీరు కిందికి దిగగానే ఫోన్ కింది వైఫైకి మారిపోతుంది, కేక వినపడుతుంది.

ఇవాళే మీటింగు ఉంటే తాత్కాలికంగా ఓ దారుంది. పై లాప్‌టాప్‌లో ప్రింటర్‌ని వెతకకుండా నేరుగా దాని ఐపీ నంబరుతో కలపండి. కింది వీధి నంబరుకి పైనుంచి ఉత్తరం వెళ్తుంది. ప్రింటర్ పైన ఉండి మీరు కింద ఉంటే మాత్రం ఇది పనిచేయదు, కిందనుంచి పైకి దారి మూసి ఉంటుంది.

అసలు మందు ఏమిటంటే, పై రౌటర్ చేత పెద్దరికం వదిలించి ఉత్త వైఫై స్తంభంగా మార్చడం. దాని పేజీలో 'ఆపరేషన్ మోడ్' దగ్గర 'యాక్సెస్ పాయింట్' ఎంచుకుని సేవ్ చేస్తే అయిపోతుంది. అది లేచాక పైన ఉన్న ఫోన్లకీ కింది పెట్టే నంబర్లిస్తుంది. ఇల్లంతా ఒకటే వీధి.

మీది బాగా పాత రౌటర్ అంటున్నారు కాబట్టి ఆ మోడ్ ఉండకపోవచ్చు. అప్పుడు వరస తప్పకుండా ఇలా చేయండి. కింది పెట్టెలో నంబర్లు పంచే వరస 192.168.1.10 నుంచి మొదలయ్యేలా మార్చండి. పై రౌటర్‌కి కింది నుంచి వచ్చే కేబుల్ పీకి, లాప్‌టాప్‌ని దానికి కలిపి, దాని సొంత అడ్రస్‌ని 192.168.1.2గా మార్చండి. అది మళ్లీ లేచాక ఆ కొత్త అడ్రస్‌తో పేజీ తెరిచి డీహెచ్‌సీపీ ఆపేయండి. ఇప్పుడు కేబుల్‌ని విడిగా ఉండే ఇంటర్నెట్ పోర్టులో కాకుండా, ఒకే రంగులో వరసగా ఉండే లాన్ పోర్టుల్లో ఒకదాంట్లో పెట్టండి. ఈ చివరి ముక్క దగ్గరే చాలామంది పొరపడతారు. డీహెచ్‌సీపీ ఆపకముందే లాన్ పోర్టులో పెడితే ఒకే వీధిలో ఇద్దరు పెద్దలై, ఇంటర్నెట్ కూడా పోతుంది.

అన్నట్టు, మీ ఇంటికొచ్చేవారికి గెస్ట్ వైఫై ఇస్తే దాంట్లోంచి ప్రింటర్ కనపడదు. అది చెడు కాదు, కావాలనే అలా కట్టారు.

ప్రశ్న: అక్కా, నేను ఇంటర్ చదువుతున్నాను. మా నాన్న పనిచేసేచోట పాత లేజర్ ప్రింటర్ తీసేస్తుంటే తక్కువకి ఇంటికి తెచ్చారు. దానికి వైఫై లేదు, యూఎస్‌బీ మాత్రమే. ప్రింట్ మాత్రం సూపర్‌గా ఉంది. ఫోన్ నుంచి ప్రింట్ ఇచ్చేలా చేయొచ్చా? గూగుల్ క్లౌడ్ ప్రింట్ వాడమని ఎక్కడో చదివాను, దొరకలేదు.
(కంచరపాలెం నుంచి ఓ విద్యార్థి)

జవాబు: దొరకదు బాబూ, గూగుల్ దాన్ని 2020 డిసెంబర్ 31తో మూసేసింది. దాని గురించి చదివినవన్నీ వదిలెయ్.

ఇంట్లో ఎప్పుడూ వేసి ఉండే విండోస్ కంప్యూటర్ ఉంటే ప్రింటర్‌ని దానికి తగిలించి, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ టిక్కు పెట్టు. నెట్‌వర్క్‌ని 'ప్రైవేట్'గా పెట్టడం మరిచిపోకు, 'పబ్లిక్' అని ఉంటే షేరింగ్ సాధారణంగా మూసి ఉంటుంది. ఇంట్లోని మిగతా విండోస్ లాప్‌టాప్‌లకి ప్రింటర్ వచ్చేస్తుంది. ఫోన్‌కి మాత్రం రాదు. మీ రౌటర్‌కి యూఎస్‌బీ రంధ్రం ఉంటే దాంట్లో ప్రింట్ సర్వర్ ఉందేమో చూడు. కానీ పాత చిన్న లేజర్లలో చాలావాటికి సొంత తెలివి తక్కువ, పేజీ లెక్కంతా కంప్యూటరే కట్టి పంపాలి. అలాంటివి రౌటర్‌తో సరిగ్గా పొసగవు.

నీ వయసుకి నేను చెప్పేది మూడో దారి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు ఉంది. దాంట్లో విండోస్‌కి బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, కప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, ప్రింటర్‌ని యూఎస్‌బీతో తగిలిస్తే ఆ బోర్డే నీ ప్రింటర్ తరఫున ఇంట్లో అందరికీ జవాబు చెబుతుంది. ఫోన్లకి కూడా అది వైఫై ప్రింటర్‌లాగే కనపడుతుంది. బోర్డు కొనేముందు నీ ప్రింటర్ మోడల్‌కి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో చూసుకో, అదొక్కటీ ఖాయం చేసుకున్నాకే డబ్బు పెట్టు. పాత ల్యాప్‌టాప్ ఏదైనా మూలన పడి ఉంటే బోర్డు కూడా అక్కర్లేదు, దాంట్లోనే లినక్స్ వేయొచ్చు. ఈ పని చేస్తే నెట్‌వర్క్ గురించి నీకు తెలిసేది ఏ పుస్తకంలోనూ దొరకదు. నేను నేర్చుకున్నదీ ఇలా పాత సామాను విప్పి చూసే.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది నాన్నగారికి కూడా చదివి వినిపించు. ఆ లేజర్ ప్రింటర్‌ని ఇన్వర్టర్‌కి తగిలించకండి. లేజర్ ప్రింటర్ పొడి ఇంకుని సుమారు 200 డిగ్రీల వేడితో కరిగించి కాగితానికి అంటిస్తుంది. ఆ వేడెక్కే క్షణంలో వందల వాట్లు లాగుతుంది, కొన్ని వెయ్యి దాకా. చిన్న ఇన్వర్టర్ ఆ దెబ్బకి ఆగిపోతుంది, ఒక్కోసారి దెబ్బతింటుంది. ఇంకు ప్రింటర్లకి ఈ బాధ లేదు, పది ఇరవై వాట్లతో సరిపెట్టుకుంటాయి. రౌటర్‌కి మాత్రం చిన్న 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకో, ఖర్చు పెట్టినందుకు తగినది.

ప్రశ్న: అమ్మా, మేము అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. రెండు వారాలుగా మా ప్రింటర్‌లోంచి మేం ఇవ్వని పేజీలు వస్తున్నాయి. ఒకసారి ఎవరిదో ఆధార్ కార్డు, మొన్న ఓ అద్దె అగ్రిమెంటు. మా వైఫై పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వలేదు. భయంగా ఉంది.
(అక్కయ్యపాలెం నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: భయపడకండమ్మా, మీ వైఫైలోకి ఎవరూ దూరి ఉండకపోవచ్చు. మీ ప్రింటర్ రౌటర్‌తో కలవడమే కాకుండా తనంతట తానే ఇంకో చిన్న వైఫైని ప్రసారం చేస్తుంటుంది. దాన్ని వైఫై డైరెక్ట్ అంటారు. చుట్టుపక్కల ఫోన్లలో 'డైరెక్ట్' అన్న మాటతో మొదలయ్యే పేరు కనిపిస్తుంటే అది ఇలాంటిదే. దానికి పాస్‌వర్డ్ లేకపోయినా, అందరికీ తెలిసినదే ఉన్నా, అదే కంపెనీ ప్రింటర్ ఉన్న పక్కింటివారు తమదనుకుని మీదాన్ని నొక్కుతారు. వాళ్లు 'మా ప్రింటర్ పనిచేయడం లేద'ని అక్కడ తిప్పలు పడుతుంటారు.

ప్రింటర్ ఐపీ నంబరు బ్రౌజర్లో కొట్టి, దాని సొంత పేజీలో వైఫై డైరెక్ట్ ఆపేయండి. అక్కడే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా పెట్టండి, చాలా ప్రింటర్లలో ఆ పేజీకి తాళమే ఉండదు. దాన్ని మార్చగలిగినవారు మీ స్కాన్లు ఎక్కడికి వెళ్లాలో కూడా మార్చగలరు.

ఇంట్లో ప్రింటర్ పెట్టుకోమని నేను ఇన్నేళ్లుగా పోరడానికి అసలు కారణం ఈ ఆధార్ కాగితాలే. జిరాక్స్ షాపు వాట్సాప్ నంబరుకి ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ పంపేసి వచ్చేస్తాం. ఆ ఫోటోలు ఆ ఫోన్లో ఎన్నాళ్లుంటాయో మనకి తెలియదు. తప్పనిసరై బయట తీయించాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ వాడండి. ఉడాయ్ వెబ్‌సైట్‌లో దింపుకోవచ్చు, చివరి నాలుగు అంకెలే కనపడతాయి.

మీ ఇంట్లోకి వచ్చిన ఆ రెండు కాగితాలూ చెత్తలో వేయకండి, ఫోటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టకండి. అగ్రిమెంటు మీద ఫ్లాట్ నంబరు ఉండే ఉంటుంది. వెళ్లి చేతికిచ్చి, వాళ్ల ఫోన్లో ఉన్న మీ ప్రింటర్ పేరు మీ ఎదురుగానే తీయించండి. అలాగే వాళ్ల ప్రింటర్ చేత నెట్‌వర్క్ పేజీ ఒకటి వేయించి చూడండి. మీరు ఇది చదివారు కాబట్టి ఆ నంబరు ఏం చెబుతోందో వాళ్లకి మీరే చెప్పగలరు.